రీడింగు పుస్తకం వెనక అట్ట

ఫాల్గుణం చివర మా గుంటూరులో
గాలి కూడా తుమ్ముతుంది.
మిర్చి యార్డు దాటి ఏటుకూరు రోడ్డెక్కితే
ముక్కుకి కట్టిన చేతిగుడ్డ
మధ్యాహ్నానికల్లా ఎర్రబారుతుంది.

నా పని మీటర్లు చూడటం.
పాత రీడింగు, కొత్త రీడింగు, తేడా.
ఇప్పుడు చేతిలో మిషనుంది,
అదే లెక్క కట్టి అదే చీటీ కక్కుతుంది.
పాత పుస్తకాన్ని మాత్రం సంచీలోంచి తియ్యలేదు.
దాని వెనక అట్ట మీద
ఆఫీసు అడగని లెక్కలున్నాయి.

ఫిబ్రవరి ఇరవై. కొత్తపేట సందు మొగలో
మూడు తీగల మీద వానకోవెలలు, సుమారు నాలుగొందలు.
పొద్దుగూకే వేళ చీలిన తోకలు వేలాడేసి
ఒకదాన్నొకటి జరుపుకుంటున్నాయి,
సిటీ బస్సులో ముగ్గురి సీటులో నాలుగోవాడు కూర్చున్నట్టు.
కింద బజ్జీల బండి మీరావలి
మూకుడు మీద రేకు అడ్డం పెడతాడు. తిట్టడు.
"ఆర్నెల్లు అద్దెకుంటాయి సార్,
అద్దె మాత్రం ఏ రోజుకారోజు
నెత్తిమీదే ఇచ్చేస్తాయి."

మార్చి పది. రెండొందల యాభై.
మార్చి పదిహేడు. తొంభై, కాకపోతే నూరు.
లెక్క మధ్యలో లారీవాడు హారను కొట్టాడు.
అన్నీ లేచాయి, అన్నీ మళ్లీ వాలాయి.
అన్నీ, అనుకున్నాను.

బుడంపాడు దాటాక
వరి కోసిన మాగాణిలో వేసిన జొన్న.
పాలు పోసుకున్న కంకి గట్టిపడే రోజులు.
పలిసపిట్టలకి ఆ కబురు ఎవరు చెబుతారో!
మబ్బు అనుకునేవాణ్ణి మొదట్లో,
మబ్బుకి ఇంత తొందర ఉండదు.
ఈ గట్టు మీంచి లేచి ఆ గట్టు దాకా
దులిపిన దుప్పటిలా పరుచుకుంటాయి.
గులాబీ ఒళ్లు, నల్ల తల, నల్ల రెక్క.
పెళ్లిచీరని బొగ్గు చేత్తో పట్టుకున్నారెవరో.

మంచె మీద సువార్తమ్మ
కేకలేసి, బిందె మీద గరిటెతో మోగించి
గొంతు పోగొట్టుకుంది.
ఆమె బోరుకి నేను చూడాల్సిన మీటరు లేదు,
మంచినీళ్ల వంకతో ఆగుతాను.
"ఎన్నున్నాయంటావు?"
"నీకేం నాయనా, ఉన్నవి లెక్కపెట్టుకుంటావు.
నేను తిన్నవి లెక్కపెట్టుకోవాలి."
వడిసెల తిప్పింది. రాయి పెట్టలేదు.
వట్టి చప్పుడే ఛెళ్లుమని చేలోకి పోయింది.
"పురుగునీ ఇయ్యే తింటాయిలే,"
నాతో కాదు, తనతో అంది.
"ఇంకో వారం. ఎండ ముదిరితే ఉండవుగా."

ఉప్పలపాడు చెరువులో, సర్కారుతుమ్మల మీద
గూడబాతు పిల్లలు ఇంకా ఎగరటం లేదు.
ఒళ్లు పెద్దది, ధైర్యం చిన్నది.
రెక్క విప్పటం, కొమ్మ ఊగటం, రెక్క ముడవటం.
ఆ పూట నా మిషనులో పదకొండిళ్లు మిగిలిపోయాయి.

ఏప్రిల్ ఆరు. కొత్తపేట తీగలు.
ఇలాంటివాటికి మా పుస్తకంలో ఒక మాటుంది:
తలుపు తాళం.
ఇంట్లో మనిషి లేకపోతే అది రాసి
కిందటి నెల సగటు వేసి వచ్చేవాళ్లం.
పెన్ను తీసి అదే రాశాను.
సగటు ఎంతెయ్యాలో తెలీలేదు.
మీరావలి మూకుడు మీద రేకు తీసేశాడు,
అప్పుడప్పుడూ పైకి చూస్తూనే ఉన్నాడు.

మా డాబా మీది జిట్టంగి ఎప్పుడు పోయిందో
నా అట్ట మీద లేదు.
దసరా నించీ ట్యాంకు కారేచోట తిరిగేది,
అడుగుకోసారి తోక ఆడిస్తూ.
మా ఆవిడ సగ్గుబియ్యం వడియాలు పెట్టిన రోజు
తడి వడియం ఒకదాని మీద కాలేసింది.
ముందుకి మూడు వేళ్లు, వెనక్కి ఒకటి.
తరిమింది గానీ చెరపలేదు.
మర్నాడు తనే అంది, "మీ పిట్ట రాలేదు."
ఆ మర్నాడూ అంది. తర్వాత అనలేదు.

ఆషాఢంలో, ముసురు పట్టిన రాత్రి
వేయించిన వడియాల్లో అదీ వచ్చింది.
నూనెలో పొంగి, ఆ అడుగు
పిట్ట కంటే పెద్దదైంది.
పళ్లెం అంచున పెట్టుకుని చూస్తున్నాను.
చారు వడ్డిస్తూ తను అంది:
"చల్లారితే మెత్తబడుద్ది. తినండి."